పుట్టగొడుగులు: వానిని వెదకువిధము, విషజాతులనుండి జాగ్రత్త

చిత్త, స్వాతి కార్తెల వానలు పడి రెండుమూడు దినములు వెలుతురు వచ్చినచో సింగరాయకొండ చుట్టుపట్ల పల్లెలలో నొకవార్త ప్రాకును: ఫలానివారి గట్టుమీద గొడుగులు లేచినవని. అది చెవిని బడినంతనే పసులకాపరులు మొదలుకొని మోతుబరుల యిండ్లలోని పిల్లలవఱకు బుట్టలు చేతబట్టి తెల్లవాఱకముందే బయలుదేఱుదురు. కొందఱు చేలగట్లతో తృప్తిపడుదురు. కొందఱు పడమటి మెట్టలకును, మాలకొండ మొదలగు కొండల క్రిందిబీళ్లకును, ఇంకను ఓపికగలవారు వెలికొండల పాదములవఱకును పోవుదురు. దున్నక, విత్తక, పైకమియ్యక లభించు నాహారము గాన దీనియం దందఱకును మక్కువ మెండు.

అయితే విత్తక లభించినదెల్ల తినదగినది కాదు. ఈ సంగతిని నేను పుస్తకములవలన గాక నా తప్పువలన నేర్చుకొంటిని. కావున ముందుగ దానినే మనవిచేయుచున్నాను.

కొన్నియేండ్లక్రిందట నొక గ్రామమున ప్రత్తిచేలలోని చెదపురుగునుగూర్చి రైతుల సమావేశమున మాటలాడుచుంటిని. తుదకు ఒక యవ్వ లేచి, "అయ్యా, గొడుగుల్లో ఏవి తినొచ్చు, ఏవి తినగూడదు?" అని యడిగెను. ప్రొద్దు క్రుంకుచుండెను, నాకు రైలువేళ యగుచుండెను. "పుట్టమీద లేచింది తినొచ్చులే అవ్వా, పెంటమీదది వదిలెయ్యి" అని చెప్పి సంచి తీసికొని వెడలితిని. నాలుగవనాడు కబురు వచ్చెను. ఆ యవ్వయు, ఆమె మనుమలిద్దఱును వాంతులతోడను విరేచనములతోడను రాత్రియంతయు బాధపడి ఆసుపత్రిలో చేరిరట. నేను పరుగునపోయి ఆమె గొడుగులు కోసినచోటు చూచితిని. పసులదొడ్డిచెంత నొక పాతపుట్ట గలదు. దానికి మూరెడుదూరమున పచ్చికలో తెల్లని పెద్దగొడుగులు ఇంకను నాలుగైదు నిలిచియుండెను. అవి పుట్టనుండి మొలచినవి కావు, పుట్టప్రక్కన మొలచినవి. "నువ్వు చెప్పినట్టే పుట్టకాడియే కోశాను గదయ్యా" అని మంచముమీదనుండి ఆ యవ్వ నిష్ఠురమేమియు లేక యన్నమాట నేటికిని నా చెవులలో నున్నది. దైవకృపచే ముగ్గురును మూడుదినములలో కోలుకొనిరి. ఒక్కమాటలో తీరని ప్రశ్నకు నేను ఒక్కమాటలో జవాబు చెప్పితిని. ఆనాడు చెప్పవలసినదానిని ఈనాడు వివరముగ వ్రాయుచున్నాను.

గొడుగనగా నేమి?

మనము చూచు గొడుగు చెట్టు కాదు, కాయవంటిది. దాని చెట్టు నేలలో దాగియున్నది. మన్నునందును, కుళ్లిన కఱ్ఱయందును, పేడయందును తెల్లని సన్నదారములవలె ప్రాకియుండు బూజే ఆ చెట్టు. దానికి పచ్చదనము లేదు. ఎండనుండి తన యాహారమును తాను వండుకొనలేదు. కావున నితరవస్తువులను కుళ్లించి బ్రతుకును, లేక చెట్లవేళ్లతో పొత్తు కూడి బ్రతుకును. తేమయు వేడిమియు సరిపడినపుడు ఆ దారము లొక్కచో ముద్దగట్టి గొడుగై పైకి లేచును. గొడుగు క్రిందిభాగమున విసనకఱ్ఱ మడతలవలె నుండు రేకులనుండి కంటికి కనబడని పొడి రాలి గాలికెగిరి, విత్తనముల పని చేయును. కాయనుమాత్రము చూచి చెట్టు జాతిని నిర్ణయింపవలసివచ్చుటయే యిందలి చిక్కు.

చెదపురుగు చేయు సేద్యము

మన పెద్దలు పుట్టగొడుగు అని పేరుపెట్టినది ఊరక పెట్టలేదు. రుచికి ప్రసిద్ధికెక్కిన అసలుజాతి చెదపుట్టనుండియే మొలచును. దీనికి శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసీస్ అని పేరిడిరి. రోజర్ హైమ్ అను ఫ్రెంచి పండితుడు 1942లో ఈ పేరు నేర్పఱచెను. ఆసియా, ఆఫ్రికా ఖండములలో నీ కుటుంబమునకు చెందిన జాతులు సుమారు ముప్పది గలవు. దక్షిణదేశమున దొరకు నొకజాతికి 1979లో ఆ పండితుని పేరే పెట్టబడినది. ఆఫ్రికాలోని జాంబియా దేశమున నీ కుటుంబములోని యొకజాతి గొడుగు మీటరు వెడల్పువఱకు పెరుగును.

పుట్టలోపల జరుగు పని రైతైనవాడు తెలిసికొనదగినది. కూలిచెదలు ఎండుటాకును, గడ్డిని, కఱ్ఱముక్కలను కొఱికి మ్రింగి, అరగీ అరగకముందే విసర్జించి, ఆ ముద్దతో లోపలి గదులలో మడతలు మడతలుగ మెత్తని పట్టు నిర్మించును. దానిమీద నీ బూజు పెరుగును. ఎండుకఱ్ఱలోని గట్టిపదార్థమును చెదపురుగు తానై అరగించుకొనజాలదు. బూజు దానిని మెత్తబఱచి యిచ్చును. బూజుమీద గసగసాలవంటి తెల్లని గుండ్లు కట్టును. చెదలు వానిని తినును. పాతబడిన పట్టునుగూడ తినును. వేఱు బూజులు తోటలో మొలకెత్తిన మనము కలుపు తీసినట్లే వానిని తొలగించును. వేసవియందుగాని చలికాలమందుగాని లోపలి వేడిమియు తేమయు చాలవఱకు మాఱకుండునట్లు గాలిదారులు కట్టుకొనును. మానవుడు నాగలిపట్టుటకు లక్షలయేండ్లముందే యీ సేద్యము నడచుచుండెను.

ఈ వింతను మనదేశమున కనిపెట్టి వ్రాసినవారిలో మొదటివాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఆయన లిన్నేయసుని శిష్యుడు. ట్రాంకుబారునకు వైద్యుడుగ వచ్చి, దక్షిణదేశపు వృక్షజాతుల నన్నిటిని వెదకుచు తిరిగెను. తంజావూరుసీమ చెదలనుగూర్చి 1779లో ఆయన ప్రకటించిన వ్యాసమున పుట్టలోని బూజుతోట వర్ణింపబడియున్నది. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురమున కాలధర్మము నొందెను గాన, మన తెలుగునేలకును ఆయనతో సంబంధము గలదు.

తొలకరి తేమ లోపలికి దిగినపిదప ఆ పట్టునుండి ఒక కాడ పుట్టి, మూరెడు రెండుమూరల మన్నును చీల్చుకొని పైకివచ్చును. గట్టిమన్నును చీల్చుటకే దాని గొడుగు నడినెత్తిన గునపపుమొనవంటి గట్టిమొన యున్నది. ఈ రెండు లక్షణములను, అనగా నేలలోనికి పోవు పొడవైన వేరును, నెత్తిమీది మొనను, పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందుముందు వీనితో పని గలదు.

ఎప్పుడు, ఎచ్చట వెదకవలెను?

మన ప్రాంతమున రెండు అదనులు గలవు. మృగశిర, ఆరుద్ర కార్తెల తొలివానలకు ఉసిళ్లు పుట్టలు విడిచి యెగురును. పిమ్మట కొన్నివారములకు అచ్చటచ్చట గొడుగులు లేచును. అయితే నైరుతివాన మనకు కొంచెము తక్కువ. ఈశాన్యపు గాలివానలు పడు అక్టోబరు, నవంబరు నెలలే మన కసలుకాలము. గట్టివాన కురిసి, వెనువెంట మబ్బు విచ్చి ఉక్కపోసినచో రెండుమూడు దినములలో గొడుగులను వెదకవచ్చును. ఉరుములకు గొడుగులు లేచునని పెద్దలందురు. ఉరుముతో వచ్చు వానయే దానికి కారణము.

మన పడమటి కొండలు మన్యపు కొండలవలె దట్టమైన యడవులు గావు. రాతినేల, తుమ్మ, రేగు, బలుసు, కలివిపొదలు, బ్రహ్మజెముడు. సంవత్సరములో నెక్కువకాలము ఎడారివలె నెండియుండు దారులు. ఇట్టిచోట తేమ నిలుచుతావులనే చూడవలెను. వాగుల యొడ్డులు, కొండకు ఉత్తరపుప్రక్క, పొదలనీడ, ఆకురాలి నేల మెత్తబడినచోటు, వానికి చేరువనున్న బ్రతికియున్న పుట్ట, ఇవి గుఱుతులు. నిరుడు లేచినచోటనే యీయేడును లేచుట సామాన్యము. లోపలి తోట బ్రతికియున్నంతకాలము పంట వచ్చుచునేయుండును. అనుభవశాలి మొదట నేలను చూచును. గొడుగు పైకి రాకముందు మన్ను నెఱ్ఱెవిచ్చి కొంచె ముబికియుండును.

ఇట్లు నెఱ్ఱెనుబట్టి వెదకు విద్య అరబ్బుదేశపు ఎడారులలోను గలదు. కడపసీమనుండి కువైటుపోయి పనిచేసి వచ్చినవారు అచ్చటి అంగళ్లలో ఫగ్గా అను నేలగడ్డలను చూచియుందురు. అవియు నొకవిధమగు బూజుకాయలే. గొడుగై పైకి లేవక మన్నులోనే బంగాళాదుంపవలె నూరును. శరత్కాలపు వానలు సరిగ పడినయేట, ఒక చిన్న యెడారిమొక్క వేళ్లను ఆశ్రయించి పెరిగి, చలికాలపు చివర ఇసుకను పగులదీయును. బెడూయినులు ఆ పగులుచూచి త్రవ్వుదురు. రాజస్థానపు ఎడారిలోనివారు వానకాలమున పోడాక్సిస్ అను జాతిని లేతగ నున్నపుడు కోసి కూర వండుకొందురు. అది ముడిచిన గొడుగువలె నిలువుగ నుండును, చెదపుట్టలమీదను మొలచును. ముదిరినపిదప దానిలోపల నల్లనిపొడి తప్ప మఱేమియు నుండదు గాన దానిని విడువవలెను. ఎంత యెండిన నేలకైనను వానచినుకు పడినపుడు ఇచ్చుటకేదో యొకటి యుండును.

కొండదారిని పోవువారు పాటింపదగినవి

ఒక్కరుగ పోరాదు. ఎటు పోవుచున్నారో యింట చెప్పిపోవలెను. కాళ్లకు మడమలు కప్పు జోడును, చేతికఱ్ఱయు, త్రాగునీరును తప్పక యుండవలెను. పుట్టలు త్రాచుపాములకును కట్లపాములకును నివాసములు; నాగులచవితినాడు మనము పాలు పోయు పుట్టయే గొడుగిచ్చు పుట్టయు కావచ్చును. ఏడుచేపలకథలోని చీమ చెప్పిన నీతిని మఱువక, కన్నములోగాని పొదలోగాని కఱ్ఱతో కదల్పక చేయి పెట్టరాదు. ఉరుము వినబడినచో వెంటనే దిగిరావలెను. ఒంటరిచెట్టు క్రింద నిలువరాదు. పైన వాన కురియుచుండగా ఎండినవాగులో నడువరాదు. ఇసుకవాగు చెప్పక వచ్చును.

కోసినవానిని వెదురుబుట్టలో నుంచవలెను. ప్లాస్టిక్కుసంచిలో నుంచినచో వేడికి చెమర్చి యింటికి వచ్చులోపలనే పాడగును. తెలిసినవానిని, తెలియనివానిని ఒకే బుట్టలో కలుపరాదు. మఱియు నొకసంగతి: రిజర్వు అడవిలో అటవీశాఖవారి యనుమతి లేక ప్రవేశించుట నేరము. నల్లమలలోని పులుల యభయారణ్యము విషయమున నీ కట్టడి యింకను గట్టిది. అచ్చటి చెంచులకు తరతరములుగ నున్న హక్కు మన విహారమునకు వర్తింపదు.

అసలు పుట్టగొడుగు గుఱుతులు

కోయుటకుముందు ప్రతిచోటను ఒక్కగొడుగునైనను గునపముతో జాగ్రత్తగ వేరుతో త్రవ్వి చూడవలెను. నేనా యవ్వకు చెప్పనిది ఇదియే.

1. కాడ నేలలోనికి పోనుపోను సన్నగిలి, పొడవైన వేరువలె పుట్టలోపలికి సాగియుండవలెను. అడుగున ఉల్లిగడ్డవలె నుబ్బిగాని, గిన్నెవంటి తొడుగులోగాని యున్నచో అది మనము కోరునది కాదు.

2. గొడుగు నడినెత్తిన గట్టిమొన యుండవలెను.

3. రేకులు తెల్లగనుండి, పొడి లేతగులాబివన్నె గలదై యుండవలెను. దీనిని చూచుటకు ముదిరిన గొడుగునొకదానిని కాడ తీసివేసి, సగము తెలుపు, సగము నలుపు నగు కాగితముమీద రేకులు క్రిందికివచ్చునట్లు బోర్లించి గిన్నె మూసి రాత్రియంతయు నుంచవలెను. ఉదయమునకు కాగితముమీద పొడి ముద్రపడును.

ఈ మూడును కలిసినపుడే తినదగినదని తలపవలెను. ఒకటి తప్పినను విడువవలెను. కాడచుట్టు ఉంగరమువంటి పట్టె యున్నదా లేదా యనుదానినిబట్టి నిర్ణయింపరాదు. అది మంచిజాతులలో కొన్నింటికిని, చెడ్డజాతులలో కొన్నింటికిని గలదు. అక్షతలు చల్లినట్లు నేలమీద వందలకొలది మొలచు చిన్నగొడుగులుకూడ చెదపుట్టకు సంబంధించినవే, తినదగినవే. కాని వానికి పొడవైన వేరు లేదు గాన, చిరకాలానుభవముగలవారు పక్కనలేనిదే క్రొత్తవారు వానిజోలికి పోకుండుట మేలు.

తెలిసికొనదగిన విషజాతులు

మొదటిది పచ్చపొడి గొడుగు. శాస్త్రజ్ఞులు దీనిని క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటీస్ అందురు. పసులదొడ్లచెంతను, పచ్చికబయళ్లలోను, తోటలలోను వానపిదప జేనెడు వెడల్పున తెల్లగ, అందముగ లేచును. నెత్తిమీద గోధుమవన్నె పొలుసులుండును, కాడకు ఉంగరముండును. రేకులు మొదట తెల్లగనేయుండి, ముదిరినకొలది మాసిన ఆకుపచ్చవన్నెకు తిరుగును. పొడిముద్ర పచ్చగ పడును. పొడవైన వేరు లేదు. లేతదశలో దీనిని చూచి మోసపోనివా రరుదు. తిన్న ఒకటి మొదలు మూడుగంటలలో కడుపునొప్పి, వాంతులు, విరేచనములు ప్రారంభించును. ఆ యవ్వ యింట జరిగినదిదియే.

రెండవది అమానిటా కుటుంబములోని ప్రాణాంతకజాతులు. రేకులు ముదిరినను తెల్లగనేయుండును, పొడియు తెలుపే. కాడకు సామాన్యముగ ఉంగరమును, మొదట మన్నులో గిన్నెవంటి తొడుగును ఉండును. మన్నులోపలి గిన్నెను చూడక పైననే కోసినవారికి ఈ గుఱుతు దక్కదు. ఇవి చెట్లవేళ్లతో పొత్తుగలవి గాన అడవులలోను తోపులలోను మొలచును. వీనిలోని విషము ఉడికించినను, ఎండబెట్టినను, నీరు పాఱబోసినను పోదు. 2022 ఏప్రిల్ నెలలో అస్సాము రాష్ట్రమున అడవిగొడుగులు తిని వారముదినములలో పదుమూడుగురు మరణించిరి. వారిలో పెక్కురు తేయాకుతోటల కూలికుటుంబములవారు.

ఈ విషము నడకను రైతులు బాగుగ తెలిసికొనవలెను. తిన్న ఆఱుగంటలనుండి ఇరువదినాలుగు గంటలవఱకు ఏమియు తోచదు. పిమ్మట తీవ్రమైన వాంతులు, విరేచనములు పట్టును. రెండవదినమున నిమ్మళించినట్లు కనబడును. ఇంటివారు గండము గడచినదని సంతోషింతురు. అదే మోసము. ఆ సమయముననే కాలేయము చెడుచుండును. మూడు నాలుగు దినములకు కామెర్లు, స్పృహతప్పుట కలిగి ప్రాణాపాయము వచ్చును. కావున తొందరగ కనబడు జబ్బుకంటె ఆలస్యముగ కనబడు జబ్బే యెక్కువ భయంకరము.

మూడవది పేడమీదను, కుళ్లిన కఱ్ఱచెంతను లేచి, ముదిరి నల్లసిరావలె కరగిపోవు గొడుగులు. వీనిలో నొకజాతిని తిని, ఆదినముననో, తర్వాతి దినములలోనో కల్లుగాని సారాగాని పుచ్చుకొన్నవారికి ముఖ మెఱ్ఱబాఱి, గుండెదడ, వాంతులు కలుగును. మొత్తముమీద పేడగొడుగులను విడుచుటే శ్రేయము. మన పల్లెలలో కుక్కగొడుగులని త్రోసివేయు వాడుక మంచివాడుకయే.

నమ్మదగని పరీక్షలు

వెండిరూక వేసిన నల్లబడునని, వెల్లుల్లిగాని పసుపుగాని వేసిన రంగుమాఱునని, బియ్యము కలిపి ఉడికించిన విషమున్న తెలియునని మన యిండ్లలో చెప్పుదురు. ఇవి యేవియు నిజములు గావు. చంపునట్టి జాతులతో వండినను వెండి నల్లబడదు. పురుగు కొఱికినది మంచిదనుటయు పొరపాటే. పురుగులకు హాని చేయనివి మనుష్యులను చంపగలవు. మేకలు, ఉడుతలు తిన్నవనుటయు నట్టిదే. విషజాతి చేదుగనుండునని తలపరాదు. చావు తప్పించుకొని బ్రతికినవారు అది రుచిగనే యుండెనని చెప్పియున్నారు. రంగు చక్కనిది, తెల్లనిది గాన మంచిదనుట అన్నిటికంటె పెద్దపొరపాటు. సందేహ మున్నచో పాఱవేయుటయే పరీక్ష.

తిని జబ్బుపడినచో చేయవలసినది

పసరులు పోయించుచు ప్రొద్దుపుచ్చరాదు. వెంటనే 108 కు ఫోనుచేసి పెద్దాసుపత్రికి చేర్చవలెను. ఏయే గంటకు తిన్నారో, ఏగంటకు వాంతి మొదలయ్యెనో చెప్పవలెను. మిగిలిన పచ్చిగొడుగునుగాని, కూరనుగాని, చెత్తలో పాఱవేసిన తొక్కునుగాని కాగితములో చుట్టి తీసికొనిపోవలెను; వైద్యునకు దానికంటె సాయపడునది లేదు. ఒకే కూర తిన్నవారందఱును, జబ్బు కనబడనివారుకూడ, పోయి చూపించుకొనవలెను. వాంతులు నిలిచినవని రెండవనాడు ఇంటికి తెచ్చుకొనరాదు. అందువలననే, వండినపుడెల్ల ఒక పచ్చిగొడుగును వండక మఱునాటివఱకు చల్లనిచోట వేఱుగ దాచుట మంచియలవాటు.

తెలిసినజాతియైనను బాగుగ ఉడికించియే తినవలెను. మొదటిసారి కొంచెమే తినవలెను. పసిపిల్లలకును, గర్భిణులకును పెట్టకుండుట మంచిది. కోసిననాడే వండవలెను, నిలువయుంచి కుళ్లినది మంచిజాతియైనను జబ్బుచేయును. దాచుకొనదలచినవారు పలుచగ చీల్చి ఎండలో పెళపెళలాడునట్లు ఎండబెట్టి, మూతగట్టి జాడీలో నుంచవలెను. పచ్చిగొడుగులో నూటికి తొంబదివంతులు నీరే. ఎండినదానిలో మాంసకృత్తులు పప్పుదినుసులతో పోల్చదగినంతగ నుండును.

మందుచల్లిన చేలలోనివి వలదు

ఇది మిరప, ప్రత్తి రైతులకు ముఖ్యము. బూజుజాతి మన్నులోనున్నదాని నెల్ల పీల్చుకొను స్వభావముగలది. సీసము, పాదరసము, కాడ్మియము వంటి లోహములను గొడుగులో పోగుచేయును. వారమువారమును పురుగుమందు కొట్టు మిరపచేని గట్టుమీదగాని, చెదలకై క్లోరిపైరిఫాస్ పోసిన పుట్టమీదగాని, కలుపుమందు చల్లిన బీటిలోగాని లేచిన గొడుగు ఎంత మంచిజాతియైనను తినరాదు. కారుదారుల యంచులలోనివియు నట్టివే. కాడయు వేరును ఎంత శుభ్రముగ కడిగినను లోపలికి పోయినది వెలికి రాదు.

పుట్టను కాపాడుట

ఇండ్లలోను, పైరువేళ్లలోను చెద పడినచో నివారింపవలసినదే. కాని బీళ్లలోను కొండలలోను ఉన్న పుట్టలు ఎండుటాకును మన్నుగ మార్చి, లోపలి మన్నును పైకితెచ్చి, వాననీరు ఇంకుటకు దారులు చేయుచున్నవి. అట్టివానిని ఊరక త్రవ్వి పాడుచేయరాదు. జాతి తెలిసికొనుటకు ఒకదానిని త్రవ్విన చాలును. తక్కినవానిని నేలమట్టమున కత్తితో కోయవలెను. వేరుతో పెరికినచో లోపలి పట్టు కదలును.

అంతేగాక, ప్రతిపుట్టకు కొన్నిగొడుగులను బాగుగ విచ్చి ముదురువఱకు వదలవలెను. దీనికి కారణము గలదు. క్రొత్తగ కాపురముపెట్టిన చెదజంటకు తోట వేయుటకు బూజు కావలెను. పెక్కుజాతుల చెదలు దానిని తల్లిపుట్టనుండి తెచ్చుకొనవు. తొలిసారి మేతకు బయలుదేఱిన కూలిచెదలు, పాతపుట్టల గొడుగులనుండి నేలమీద రాలిన పొడిని మేతతోపాటు లోపలికి తెచ్చును. ఉసిళ్లెగిరిన కొన్నివారములకు గొడుగులు లేచుట ఇందులకు సరిపోవుచున్నది. గొడుగులన్నిటిని మొగ్గలోనే కోసివేసినచో రేపటి పుట్టలకు విత్తనము కొఱవడును. విత్తనపుగింజలను తిన్న రైతు సంగతి మనకు తెలియనిది కాదు.

పెంచుకొనదగిన జాతులు

చెదపుట్టగొడుగును మనుష్యులు పెంచి పంటగ తీయుట యింతవఱకు సాగలేదు. చెదపురుగు లేనిదే అది గొడుగు వేయదు. కాని వరిగడ్డిగొడుగును పెంచవచ్చును. మన దక్షిణదేశమున కోయంబత్తూరు వ్యవసాయశాఖవారు 1943నాటికే దీనిని పెంచు పద్ధతిని ప్రకటించిరి. మంచి యెండుగడ్డిని కట్టలుగట్టి ఒకరాత్రి నానబెట్టి, నీరోడ్చి, వరుసలుగ పేర్చి, వరుసవరుసకు స్పాను అనబడు విత్తనమును కొంచెము కందిపిండితో చల్లి, పైన ప్లాస్టిక్కుగుడ్డ కప్పి నీడలో నుంచవలెను. ముప్పది ముప్పదియైదు డిగ్రీల వేడి దానికి హితము గాన మన యూళ్లకు తగినది. పదిపదునాలుగు దినములలో గ్రుడ్డువంటి మొగ్గలు వచ్చును, విచ్చకముందే కోయవలెను. ఈ జాతికికూడ అడుగున గిన్నె యుండును గాని పొడి గులాబివన్నె. అమానిటా పొడి తెలుపు. కావున మనము విత్తిన గడ్డిలోనుండి వచ్చినదానిని తప్ప, బయట గ్రుడ్డుదశలో దొరికినదానిని ఇదేయని భ్రమపడరాదు. శిక్షణ కావలసినవారు దర్శి కృషివిజ్ఞానకేంద్రమువారిని అడుగవచ్చును.

సంఘసభ్యులకు మనవి

ప్రతిగ్రామమునను పుట్టగొడుగులను గుఱుతుపట్టగల పెద్దలు ఒకరిద్దఱుందురు. వారి జ్ఞానము వారితో పోకుండునట్లు చూచుట మన పని. వానకాలమున సంఘపు కచ్చేరియందు ఒక బల్లనుంచి, కోసితెచ్చినవారు వేరుతోగూడిన నమూనాను అందుంచినచో, పెద్దలు చూచి చెప్పుటకును, పిల్లలు చూచి నేర్చుకొనుటకును వీలగును. అంగడిలోగాని రోడ్డుప్రక్కనగాని అమ్మదలచిన సభ్యుడు ఇట్లు చూపించిన పిమ్మటనే అమ్మవలెనని తీర్మానము చేసికొనుట మంచిది. కొన్నవారి ప్రాణము అమ్మినవాని చేతిలో నున్నది.

ఆ యవ్వ యిప్పుడు గునపము లేనిదే గొడుగులకు బయలుదేఱదట. మొన్న నేనా గ్రామమునకు పోయినపుడు, ఆమె పెద్దమనుమడు జానెడున్నర వేరుగల గొడుగొకటి పట్టుకొనివచ్చి, "ఇది పుట్టలోదే గదయ్యా?" అని నన్ను పరీక్షించినట్లడిగెను. నేను వెంటనే ఔననలేదు. కూర్చుండి మొన చూచితిని, రేకులు చూచితిని, వేరు చివర పట్టు అంటియున్నదేమోయని చూచితిని. పొడిముద్రకై మఱునాటివఱకు ఆగుమని చెప్పితిని. వాడు ఆగెను. రైతుసోదరులును, సోదరీమణులును అట్లే యొకరాత్రి ఆగుదురుగాక యని కోరుచున్నాను.